ఒక్క కౌంటీని పట్టుకుని ఐర్లండ్‌ను చదవడం: చరిత్ర, సంస్కృతి నేర్చుకునేవారికి సమగ్ర మార్గదర్శి

ఐర్లండ్ చరిత్ర వైపు తెలుగు పాఠకులను లాగేది చాలావరకు మన స్వాతంత్ర్యోద్యమమే. హోంరూల్ అన్న మాట మనకు అక్కడి నుంచే వచ్చింది. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు 1937 నాటి ఐరిష్ రాజ్యాంగమే ఒరవడి. బరంపురంలో పుట్టి తరువాత రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి న్యాయశాస్త్రం చదవడానికి 1913లో వెళ్ళింది డబ్లిన్‌కే. ఈ ఇష్టంతో నేరుగా బ్రిటిష్ పాలన మీద లేచిన 1916 ఈస్టర్ తిరుగుబాటు దగ్గర పుస్తకం తెరిచినవారికి కొద్ది వారాల్లోనే పేర్లు, పార్టీలు, ఒప్పందాలు కలగాపులగమైపోతాయి. ఎవరు ఎవరితో ఎందుకు పోరాడారో అర్థం కావాలంటే భూమి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో తెలియాలి. అది తెలియాలంటే ఊళ్ళ పేర్లు తెలియాలి, ఆ పేర్ల వెనుక ఉన్న భాష కొంతైనా చెవిన పడి ఉండాలి. ఆ దేశంలో సామాన్యులు శతాబ్దాలపాటు బతికిన భాష ఒకటి, పాలకులు దస్తావేజులు రాసిన భాష మరొకటి. చదివేవాడికి ఎదురయ్యే చిక్కులలో సగం అక్కడే పుడతాయి.

అందువల్ల ఈ మార్గదర్శిలో నేను చెప్పే పద్ధతి ఒక్కటే. దేశమంతటినీ ఒకేసారి మీద వేసుకోకుండా, మన జిల్లాల్లాంటి 32 కౌంటీలలో ఒక్కదాన్ని ఎంచుకుని, ప్రతి మెట్టులోనూ ఆ కౌంటీలోంచే దేశాన్ని చూడాలి. ఉదాహరణకు నేను రాస్‌కామన్ కౌంటీని తీసుకుంటున్నాను. ద్వీపం నడుమ, షానన్ నదికి పడమటగా ఉన్న ఈ కౌంటీలో 2022 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది సుమారు 70 వేల మంది. పర్యాటకులు పెద్దగా ఆగని ప్రాంతం ఇది. అయినా పురాణగాథలకు మూలస్థానం, కరువుకు సాక్ష్యం, భాషోద్యమ నాయకుడి పుట్టిల్లు, మన మదనపల్లెతో ముడిపడ్డ ఒక జీవితం ఇక్కడే దొరుకుతాయి. మీకు మరో కౌంటీ నచ్చితే అదే తీసుకోండి, పద్ధతి మారదు. వారానికి నాలుగైదు గంటలు కేటాయించగలిగితే ఏడాదిలో గట్టి పునాది పడుతుంది.

మొదటి మెట్టు: పటం, ఊళ్ళ పేర్లు

ఒక పెద్ద పటం సంపాదించి గోడకు పెట్టుకోండి. ద్వీపం ఒకటే, రాజ్యాలు రెండు. 26 కౌంటీలు ఐర్లండ్ రిపబ్లిక్‌వి, ఈశాన్యంలోని 6 కౌంటీలు యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌వి. వీటికంటే పాతది అల్‌స్టర్, మన్‌స్టర్, లెన్‌స్టర్, కానక్ట్ అనే నాలుగు ప్రాంతాల విభజన. అల్‌స్టర్ అన్నా ఉత్తర ఐర్లండ్ అన్నా ఒకటేనని చాలామంది పొరబడతారు. అల్‌స్టర్‌లో తొమ్మిది కౌంటీలు ఉంటే వాటిలో మూడు, అంటే డొనెగాల్, కావన్, మోనహన్, రిపబ్లిక్‌లోనే ఉన్నాయి. పైగా ద్వీపంలో అన్నిటికంటే ఉత్తరాన ఉన్న కొస డొనెగాల్‌దే.

తరువాత పేర్లు. మన ఊళ్ళ పేర్లలో పల్లి, పాడు, గుంట, కొండ ఎలా పలుకుతాయో అక్కడి పేర్లలోనూ నేల అలాగే పలుకుతుంది. బ్యాలీ అని మొదలయ్యేవి ఊరు అనే అర్థమిచ్చే ఐరిష్ మాట నుంచి వచ్చాయి. నాక్ అంటే గుట్ట, స్లీవ్ అంటే కొండ, డన్ లేదా డూన్ అంటే కోట, డెరీ అంటే ఓక్ చెట్ల తోపు. కిల్ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అది ఒకచోట చర్చికి, మరొకచోట అడవికి రూపాంతరం కావచ్చు, మూల ఐరిష్ రూపం చూస్తే తప్ప తేలదు. డబ్లిన్ అన్న పేరుకు నల్ల మడుగు అని అర్థం. అదే నగరానికి ఐరిష్‌లో వాడే పేరుకు తడికలు పరిచి ఏరు దాటే చోటున ఉన్న ఊరు అని అర్థం.

ఈ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో స్థిరపడడానికి ముఖ్య కారణం 1824లో మొదలైన ఆర్డినెన్స్ సర్వే. ఆ సర్వేకు పనిచేసిన జాన్ ఓడోనవన్ అనే పండితుడు ఊరూరా తిరిగి, పెద్దవాళ్ళను అడిగి, పాత రాతప్రతులతో పోల్చి ఒక్కొక్క పేరు నిర్ధారించాడు. ద్వీపంలో టౌన్‌ల్యాండ్ అనే అతి చిన్న భూవిభాగాలు 60 వేలకు పైగా ఉన్నాయి, ప్రతిదానికీ ఒక పేరుంది. వీటి మూలరూపాలు, అర్థాలు లోగైన్మ్ అనే ప్రభుత్వ స్థలనామ భాండాగారంలో ఉచితంగా చూడవచ్చు. మీ కౌంటీలో యాభై పేర్లు ఏరుకుని, ఐరిష్ రూపం, అర్థం, ఇంగ్లిష్ రూపం పక్కపక్కన రాసుకోండి. ఉదాహరణకు రాస్‌కామన్ అంటే కోమన్ అనే సన్యాసి పేరిట వెలసిన అడవి. ఈ యాభై పేర్లు రాయడానికి రెండు వారాలు పడుతుంది. దీన్ని దాటేసి ముందుకు పోవద్దని గట్టిగా చెబుతున్నాను.

రెండో మెట్టు: భాష, మాట్లాడేంత కాకపోయినా వినేంత

ఐరిష్ చాలా కష్టమని ఇంగ్లిష్ మాతృభాషగా గలవారు చెప్పే మాట విని తెలుగువారు భయపడనక్కరలేదు. వాళ్ళకు వింతగా తోచే కొన్ని సంగతులు మనకు ఇంట్లోవే. ఐరిష్‌లో 'కలిగి ఉండు' అనే క్రియ లేదు. నా దగ్గర పుస్తకం ఉంది అన్నట్టే వాళ్ళూ పుస్తకం నా దగ్గర ఉంది అంటారు. ఆకలి విషయంలోనూ అంతే, మనం నాకు ఆకలిగా ఉంది అన్నట్టు వాళ్ళు ఆకలి నా మీద ఉంది అంటారు. అవును, కాదు అనడానికి విడిగా మాటలు లేవు. అర్థమైందా అంటే అర్థమైంది అని మనం క్రియతోనే జవాబిచ్చినట్టు, వాళ్ళూ 'అన్ దిగన్ తూ?' అని అడిగితే 'తిగిమ్' అని జవాబిస్తారు.

ఆ చిన్న ప్రశ్నను మరోసారి చూడండి. జవాబులో త ఉంది, ప్రశ్నలో అదే ధాతువు ద అయింది. మాట మొదటి హల్లు ఇలా మారిపోవడమే ఐరిష్‌లో కొత్తవారిని తికమక పెట్టే విషయం. నిఘంటువులో మాట కోసం వెతికితే దొరకదు, ఎందుకంటే తల మారిపోయి ఉంటుంది. తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇది పాత పరిచయమే. పూచెన్ కలువలు అన్నది పూచెను గలువలు అయినట్టు, ద్రుతం తరువాతి పరుషాలు సరళాలవుతాయని మనం బడిలో చదువుకున్న సరళాదేశ సంధి ఇక్కడ పనికొస్తుంది. అక్కడ కూడా క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది. దీనికి కారణం కూడా దగ్గరదే. ముందుమాట చివర ఒకప్పుడు ఉన్న అనునాసికం కాలక్రమంలో రాలిపోయి, దాని ప్రభావం మాత్రం తరువాతి హల్లు మీద నిలిచిపోయింది. రాసేటప్పుడు పాత అక్షరాన్ని చెరిపేయకుండా దాని ముందు కొత్త అక్షరం పెడతారు, పలికేది కొత్తదాన్నే. కార్క్ నగరాన్ని కోర్కిగ్ అంటే, కార్క్‌లో అనడానికి ఇ గోర్కిగ్ అంటారు. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే పటం మీది పేర్లు సగం విడిపోతాయి.

ఆరు వారాలపాటు రోజుకు ఇరవై నిమిషాలు చాలు. డ్యుయోలింగోలో ఐరిష్ పాఠాలున్నాయి, ఐరిష్ భాషా టెలివిజన్ టీజీ4లో కార్యక్రమాలు వినవచ్చు. మన్‌స్టర్, కానక్ట్, అల్‌స్టర్ మాండలికాల ఉచ్చారణలు వేరువేరు కనుక మొదట ఒకదానికే కట్టుబడండి. రాస్‌కామన్ కానక్ట్‌లోనిది కాబట్టి నేను కానక్ట్ ఉచ్చారణకు ఓటేస్తాను.

భాష గురించి చదివేటప్పుడు అది ఎలా వెనక్కి తగ్గిందో కూడా చదవాలి. 1831లో మొదలైన జాతీయ పాఠశాలల్లో బోధన ఇంగ్లిష్‌లో సాగింది. కరువు ఎక్కువగా దెబ్బతీసింది ఐరిష్ మాట్లాడే పడమటి బీదలనే. వలస వెళ్ళేవారికి ఇంగ్లిష్ బతుకుతెరువు అయింది. ఈ పతనాన్ని ఆపడానికి 1893లో గేలిక్ లీగ్ స్థాపించినవారిలో ముఖ్యుడు, దాని మొదటి అధ్యక్షుడు డగ్లస్ హైడ్. రాస్‌కామన్‌లోని కాసిల్‌రేలో పుట్టి, ఫ్రెంచ్‌పార్క్‌లో పెరిగిన ఈ ప్రొటెస్టెంట్ మతాచార్యుడి కొడుకు చుట్టుపక్కల సామాన్యుల నోట ఐరిష్ నేర్చుకున్నాడు. 1938లో దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 2022 లెక్కల్లో ఐరిష్ వచ్చునని చెప్పినవారు 18 లక్షలకు పైగా ఉన్నా, బడి బయట రోజూ మాట్లాడేవారు సుమారు 72 వేల మందే. ఈ రెండు అంకెల మధ్య దూరం చూస్తే నాకు మన పిల్లల తెలుగు గుర్తుకొచ్చి మనసు కలుక్కుమంటుంది.

మూడో మెట్టు: కాలక్రమానికి ఒక వెన్నెముక

ఇప్పుడు మాత్రమే తేదీలు. రెండు పేజీలకు మించని కాలపట్టిక మీరే రాసుకోండి. బోయిన్ నది లోయలోని న్యూగ్రేంజ్ సమాధి క్రీ.పూ. 3200 ప్రాంతానిది, గీజా పిరమిడ్లకంటే పాతది. శీతకాలపు అయనాంతం నాటి ఉదయం దాని ద్వారం పైనున్న చిన్న గవాక్షం గుండా సూర్యకిరణం లోపలి గదిలోకి చేరి సుమారు 17 నిమిషాలు నిలుస్తుంది. క్రీ.శ. 5వ శతాబ్దంలో పాట్రిక్ క్రైస్తవ ప్రచారం చేశాడు, ఆయన లాటిన్‌లో రాసినవి రెండు ఇప్పటికీ మిగిలాయి. 795లో ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల దాడులు మొదలయ్యాయి. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో ఐరిష్ రాజు బ్రియన్ బోరు సేన గెలిచింది, ఆయన మాత్రం మరణించాడు. 1169లో నార్మన్లు దిగారు. 1541లో ఎనిమిదో హెన్రీ ఐర్లండ్ రాజునని ప్రకటించుకున్నాడు.

ఇక్కడి నుంచి తేదీల పక్కన ఒక కొత్త వరుస పెట్టి, దానికి 'భూమి' అని పేరు రాయండి. 1607లో అల్‌స్టర్ ప్రభువులు దేశం విడిచిపోయారు, 1609 నుంచి వారి భూముల్లో స్కాట్లండ్, ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్లను తెచ్చి స్థిరపరిచారు. 1649లో ఇంగ్లండ్ పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ సైన్యంతో వచ్చాడు, అతని వెనుక భారీ జప్తులు వచ్చాయి. 1690లో ప్రొటెస్టెంట్ రాజు విలియం కాథలిక్ రాజు జేమ్స్‌ను ఓడించిన బోయిన్ యుద్ధం, ఆ తరువాత కాథలిక్కుల హక్కులను కత్తిరించిన శిక్షా చట్టాలు. 1641లో సుమారు 59 శాతం భూమి కాథలిక్కుల చేతిలో ఉంటే 1703 నాటికి మిగిలింది 14 శాతం. ఈ రెండు అంకెలు కంఠస్థం చేయండి. తరువాతి 200 ఏళ్ళలో జరిగిన ప్రతి గొడవకూ ఇవి నేపథ్యం. 1879 నుంచి సాగిన భూపోరాటంలో మేయో కౌంటీ రైతులు వెలివేసిన భూస్వామి ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్ పేరే, మనం నేడు తెలుగులో వాడుతున్న బాయ్‌కాట్ అన్న మాట.

బ్రిటిష్ పాలన మీద లేచిన 1798 తిరుగుబాటు అణిగిన తరువాత, 1801 జనవరి 1 నుంచి ఐర్లండ్ పార్లమెంటు రద్దయి, దేశం యునైటెడ్ కింగ్‌డమ్‌లో కలిసిపోయింది. ఆ విలీనాన్ని దగ్గరుండి నడిపించిన వైస్రాయి, అంతకుముందు బెంగాల్‌లో శాశ్వత శిస్తు ఒప్పందం తెచ్చిన కారన్‌వాలిసే. అదే సమయంలో ఇక్కడ 1798లో నిజాంను సైన్య సహకార ఒప్పందంలోకి దింపి, 1800లో దత్తమండలాలను కంపెనీకి రాబట్టుకున్న గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఐర్లండ్‌లోని మీథ్ కౌంటీకి చెందిన భూస్వామి కుటుంబంలో పుట్టినవాడు. ఐర్లండ్‌ను సామ్రాజ్యపు బాధితురాలిగా మాత్రమే చూస్తే కథ సగమే చదివినట్టు. జలియన్‌వాలాబాగ్ నాటి పంజాబ్ పాలకుడు మైకేల్ ఓడ్వయర్ టిప్పరరీ కౌంటీవాడు. 1920లో ఐర్లండ్‌లో బ్రిటిష్ అత్యాచారాలకు నిరసనగా జలంధర్‌లో ఆయుధాలు దించేసిన సైనికులు కానాట్ రేంజర్స్ పటాలంవారు. ఆ పటాలానికి ఒకప్పుడు బ్యారక్‌గా ఉన్న కింగ్ హౌస్ రాస్‌కామన్‌లోని బాయిల్ పట్టణంలో ఇప్పటికీ నిలిచి ఉంది.

నాలుగో మెట్టు: కరువు దగ్గర ఆగడం

దీనికి కనీసం రెండు నెలలు ఇవ్వండి. 1845 శరదృతువులో ఫైటాఫ్తొరా అనే తెగులు బంగాళాదుంప పంటను పట్టింది. అప్పటికి లక్షలాది కౌలుదారులకు, కూలీలకు అదొక్కటే తిండి, ఎందుకంటే కొద్దిపాటి చెక్కలో కుటుంబమంతటికీ సరిపడా పండేది అదొక్కటే. ధాన్యం పండేది అద్దె కట్టడానికి. 1845 నుంచి 1852 వరకు సాగిన ఈ విపత్తులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం విడిచారు. 1841లో దాదాపు 82 లక్షలున్న జనాభా 1851కి 65 లక్షలకు పడిపోయింది. ఆ తరువాత కూడా వలస ఆగలేదు. ద్వీపం మొత్తం కలిపినా ఈనాటికీ 1841 నాటి అంకెను అందుకోలేదు.

రాస్‌కామన్‌లోని స్ట్రోక్స్‌టౌన్ ఎస్టేటు ఈ కథను చేతికందేంత దగ్గరకు తెస్తుంది. భూస్వామి డెనిస్ మహోన్ 1847లో తన కౌలుదారుల్లో 1,490 మందిని కెనడాకు పంపించేశాడు. తిండి పెట్టి పోషించడంకంటే ఓడ ఖర్చు తక్కువని లెక్క తేలింది. వాళ్ళు రాయల్ కెనాల్ గట్టు వెంట డబ్లిన్ దాకా నడిచారు. 165 కిలోమీటర్ల ఆ దారి నేడు కరువు స్మారక నడకదారిగా గుర్తులతో ఉంది. ఓడల్లో చాలామంది చనిపోయిన వార్త వచ్చింది. అదే ఏడాది నవంబరులో మహోన్‌ను ఇంటికి వెళ్ళే దారిలో కాల్చి చంపారు. ఆ ఎస్టేటు కార్యాలయంలో మిగిలిపోయిన వేలాది కాగితాల ఆధారంగా అక్కడే జాతీయ కరువు మ్యూజియం 1994లో తెరిచారు. అందులో క్లూనాహీ కౌలుదారులు 1846లో పెట్టుకున్న అర్జీ ఒకటుంది, పని ఇప్పించమని, పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారని. పుస్తకాల్లోని లక్షల అంకెలు చదివాక అలాంటి ఒక్క కాగితం చదవండి.

కరువుకు బాధ్యులెవరన్న చర్చలో తొందరపడి ఒక పక్షం తీసుకోవద్దు. తెగులు ప్రకృతిది. కానీ 1847 వేసవిలో ప్రభుత్వ గంజికేంద్రాలు రోజుకు దాదాపు 30 లక్షల మందికి తిండి పెట్టగలిగి కూడా, ఆ శరత్తుకే వాటిని మూసేసి, భారాన్ని స్థానిక పన్నుల మీదికి నెట్టేయడం మనుషుల నిర్ణయం. పావు ఎకరానికి మించి భూమి ఉన్నవారు ఆ భూమి వదులుకుంటే తప్ప సాయం లేదన్నదీ చట్టమే. లండన్ ఖజానాలో కూర్చుని సాయాన్ని బిగించిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. అతనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి, కోస్తా, రాయలసీమ జిల్లాలను ఏడాదిపాటు ఏలాడు.

ఐరిష్‌లో ఈ కరువుకు 'మహా క్షామం' అన్న పేరుతోపాటు 'చెడ్డకాలం' అన్న అర్థమొచ్చే మాట కూడా ఉంది. పల్లెల్లో ఎక్కువగా నిలిచింది ఆ రెండోదే. మనవాళ్ళు 1832-33 నాటి గుంటూరు క్షామాన్ని నందన కరువని, 1876-78 క్షామాన్ని ధాత కరువని సంవత్సరాల పేర్లతో గుర్తుపెట్టుకున్నారు. ఎక్కువ సాయం చేస్తే జనం సోమరులవుతారన్న వాదన ఐర్లండ్‌లోనూ, మద్రాసు రాజధానిలోనూ అధికారుల నోట వినిపించింది. రెండు క్షామాల చరిత్రలను పక్కపక్కన పెట్టి చదవగల అవకాశం తెలుగు పాఠకుడికి ఉంది, దాన్ని వాడుకోవాలి.

ఐదో మెట్టు: మూలపత్రాలు స్వయంగా చూడడం

ఐర్లండ్ విషయంలో ఇంట్లో కూర్చుని మూలాధారాలు చదవగలగడం గొప్ప వరం. 1901, 1911 జనాభా లెక్కల పత్రాలు జాతీయ పత్ర భాండాగారం వెబ్‌సైట్‌లో ఇంటింటివీ ఉచితంగా ఉన్నాయి. అంతకుముందువి ఎందుకు లేవంటే, అన్నీ 1922 అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థాన భవన సముదాయపు మంటల్లో కాలిపోయాయని అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఆ మంటల్లో పోయినవి ముఖ్యంగా 1821 నుంచి 1851 వరకు ఉన్నవి. 1861 నుంచి 1891 వరకు ఉన్నవాటిని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది.

మీ కౌంటీలో ఒక టౌన్‌ల్యాండ్ తీసుకుని, 1911 పత్రం అసలు చిత్రాన్ని తెరవండి, టైపు చేసిన పాఠంతో సరిపెట్టుకోవద్దు. పేరు, ఇంటి యజమానితో వరస, మతం, చదవను రాయను వచ్చా, వయసు, వృత్తి అని గడులుంటాయి. పెళ్ళైన స్త్రీ వరుసలో మూడు గడులు: పెళ్ళై ఎన్నేళ్ళు, పుట్టిన పిల్లలెందరు, బతికున్నవారెందరు. పదకొండు, ఏడు అని రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తాయి, వాటి మధ్య తేడాను ఆ ఇల్లాలు ఎవరికి చెప్పుకుందో పత్రంలో ఉండదు. చివరి వైపు ఐరిష్ భాష అన్న గడి. తాతమ్మల వరుసలో 'ఐరిష్, ఇంగ్లిష్' అని ఉండి, మనవల వరుసలో ఖాళీగా ఉన్న ఇళ్ళు ఎదురవుతాయి. ఒక భాష ఇంట్లోంచి వెళ్ళిపోవడం ఒకే కాగితం మీద కనబడుతుంది. సంతకం చేయలేనివారి పేరు పక్కన ఇంటూ గుర్తు ఉంటుంది.

అదే ఇంటిని 1901 పత్రంతో పోల్చినప్పుడు, పదేళ్ళలో కొందరు ముసలివాళ్ళకు పదిహేనేళ్ళు పెరగడం చూసి లెక్క తప్పిందనుకోకండి. 1909 జనవరి నుంచి 70 ఏళ్ళు నిండినవారికి పింఛను మొదలైంది. 1864కు ముందు పుట్టినవారెవరికీ ప్రభుత్వ జనన నమోదు లేదు. పత్రాలను నమ్మేముందు వాటిని ఎవరు, ఎందుకు నింపారో అడగడం ఇక్కడే అలవడుతుంది.

మరో గని పాఠశాలల జానపద సంకలనం. 1937-39 మధ్య 26 కౌంటీలలోని బడిపిల్లలు, సుమారు 50 వేల మంది, తాతలనూ అమ్మమ్మలనూ ఇరుగుపొరుగునూ అడిగి పొడుపుకథలు, నాటువైద్యం, దెయ్యాల కథలు, కరువు జ్ఞాపకాలు, పాతిపెట్టిన నిధుల ముచ్చట్లు నోట్‌పుస్తకాల్లో రాశారు. దూఖస్ అనే వెబ్‌సైట్‌లో ఆ పేజీలు ఊరి పేరుతో వెతికి చదవవచ్చు. పిల్లల గుండ్రటి దస్తూరీలో కరువు కథ చదవడం చరిత్ర గ్రంథాలు ఇవ్వని అనుభవం.

ఆరో మెట్టు: విప్లవం, విభజన, రెండు వైపుల నుంచి

ఇప్పుడు 1916కు రండి. ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం నాడు డబ్లిన్ జనరల్ పోస్టాఫీసు ముందు పాట్రిక్ పియర్స్ స్వతంత్ర ప్రకటన చదివాడు. ఆరు రోజుల్లో తిరుగుబాటు అణిగింది. నాయకులను వరుసగా కాల్చి చంపడంతో, అంతవరకు పెద్దగా పట్టించుకోని జనం మనసు తిరిగింది. ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకడైన థామస్ మక్‌డొనా, వెంకటగిరి చదివిన యూనివర్సిటీ కాలేజీలోనే అధ్యాపకుడు. గిరి కూడా ఆ ఏడాదే ఐర్లండ్ విడిచి రావలసి వచ్చింది. జనం మనసు మారిందనడానికి మొదటి ఎన్నికల రుజువు మన రాస్‌కామన్‌లోనే దొరుకుతుంది: 1917 ఫిబ్రవరిలో ఉత్తర రాస్‌కామన్ ఉపఎన్నికలో, మరణశిక్ష పడ్డ జోసెఫ్ ప్లంకెట్ తండ్రి గెలిచాడు.

1919-21 స్వాతంత్ర్య యుద్ధం, 1921 డిసెంబరులో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం, దాన్ని ఒప్పుకున్నవారికీ ఒప్పుకోనివారికీ మధ్య 1922-23 అంతర్యుద్ధం, ఈ మూడింటినీ విడదీసి నోట్సు రాసుకోండి. పోరాటంలో పాల్గొన్నవారు 1947-57 మధ్య చెప్పిన 1,773 వాంగ్మూలాలు సైనిక చరిత్ర విభాగం వెబ్‌సైట్‌లో ఉన్నాయి, కౌంటీవారీగా చదవండి. పాతికేళ్ళు దాటాక చెప్పిన జ్ఞాపకాలని మాత్రం మరచిపోవద్దు.

ఉత్తర ఐర్లండ్ చరిత్రకు ఒక నియమం పెట్టుకోండి. ఏ సంఘటన చదివినా, ఐర్లండ్ ఒకటి కావాలనే జాతీయవాది ఒకరు రాసింది, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టు ఒకరు రాసింది, రెండూ చదివేదాకా అభిప్రాయం రాసుకోవద్దు. అక్కడ పేర్లే పక్షాలు. ఒకే నగరాన్ని ఒకరు డెరీ అంటారు, మరొకరు లండన్‌డెరీ అంటారు. 1960ల చివరి నుంచి మూడు దశాబ్దాల హింసలో సుమారు 3,500 మంది ప్రాణాలు పోయాయి. 1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందం పాఠం చిన్నదే, పూర్తిగా చదవండి. అక్కడ పుట్టినవారు తమను ఐరిష్‌వారిగానో, బ్రిటిష్‌వారిగానో, రెండూగానో చెప్పుకోవచ్చునన్న వాక్యం దగ్గర కాసేపు ఆగండి.

ఏడో మెట్టు: కథ, పాట, ఆట

ఐరిష్ పురాణగాథల్లో తలమానికమైన 'తాన్ బో కూల్యె' (కూల్యె పశుహరణం) రాస్‌కామన్‌లోని క్రూహన్ కోటలో, రాణి మేవ్ పడకగదిలో మొదలవుతుంది. నీ ఆస్తి ఎక్కువా నా ఆస్తి ఎక్కువా అని భార్యాభర్తలు లెక్క వేసుకుంటే, భర్త మందలో ఉన్న తెల్లకొమ్ముల ఆబోతు ఒక్కటి రాణికి తక్కువ పడుతుంది. దానికి సాటి అయిన గోధుమరంగు ఆబోతు కోసం ఆమె అల్‌స్టర్ మీదికి సేనను నడిపిస్తుంది. ఆ సేనను ఒంటరిగా అడ్డుకునేవాడు కూహులిన్ అనే కుర్రవాడు. తిక్కన విరాటపర్వంలో గోగ్రహణం చదివినవారికి పశువుల మందల కోసం రాజ్యాలు కదలడం కొత్త కాదు. రూపం కూడా పరిచితమే: వచనం నడుమ పద్యాలు వచ్చే ఈ రచన మన చంపువును గుర్తుచేస్తుంది. 12వ శతాబ్దపు ఒక ప్రతి చివర, ఈ కథను ఉన్నదున్నట్టు జ్ఞాపకం పెట్టుకున్నవారికి దీవెన అని ఐరిష్‌లో ఫలశ్రుతి రాసి, వెంటనే లాటిన్‌లో, ఇందులో కొన్ని దయ్యాల మాయలు, కొన్ని కవుల కల్పనలు, నేను నమ్మను అని లేఖకుడు రాసుకున్నాడు. కథను కాపాడిన సన్యాసుల మనసు ఆ రెండు వాక్యాల్లో ఉంది. క్రూహన్ దగ్గరి గుహ నుంచి సౌన్ పండుగ రాత్రి పరలోక జీవులు బయటికి వస్తాయని నమ్మేవారు. ఆ పండుగే నేటి హాలోవీన్‌కు మూలం.

సంగీతానికి చెవి పట్టుకోవాలంటే మొదట జిగ్, రీల్ తేడా తెలియాలి. జిగ్ ఆరు మాత్రల్లో మూడేసిగా సాగుతుంది, మన తిశ్ర నడకతో తొడ మీద తాళం వేస్తూ వినండి. రీల్ నాలుగేసిగా పరుగెడుతుంది. తరువాత వాద్యాలేవీ లేకుండా ఒంటి గొంతుతో పాడే షాన్ నోస్ గానం వినండి, గమకాలకు అలవాటైన చెవి దాన్ని సులభంగా పట్టుకుంటుంది. మశూచితో చూపు పోయిన హార్ప్ విద్వాంసుడు టర్లో ఓకారలన్ (1670-1738) సమాధి రాస్‌కామన్‌లోని కిల్‌రోనన్‌లో ఉంది. ఇళ్ళకు తిరుగుతూ పోషకుల పేరిట ఆయన కట్టిన బాణీలు ఇప్పటికీ వాయిస్తారు. పబ్బులో అందరూ కలిసి వాయించే సెషన్‌కు వెళ్తే, వాయించేవారి కుర్చీల్లో కూర్చోకండి, పాటగాడు గొంతెత్తినప్పుడు మాట్లాడకండి.

ఆటల కోసం 1884లో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ గురించి చదవండి. హర్లింగ్ అనే కర్రబంతి ఆట, గేలిక్ ఫుట్‌బాల్ ఆడేవారు జీతం తీసుకోరు, సాధారణంగా తమ సొంత కౌంటీకే ఆడతారు. మీరు ఎంచుకున్న కౌంటీ జెర్సీ రంగు మీకు అప్పటికి తెలిసే ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: వెళ్ళగలిగితే

ఐర్లండ్‌లో చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగువారికి ఇది సులభం. డబ్లిన్ కిల్డేర్ వీధిలోని జాతీయ మ్యూజియంలో ప్రవేశం ఉచితం, పాతకాలపు లోహకళాఖండాలైన ఆర్డా చాలిస్ (పూజాపాత్ర), తారా బ్రూచ్ (వస్త్రపు సూదినగ) అక్కడే ఉన్నాయి. క్రీ.శ. 800 ప్రాంతపు బుక్ ఆఫ్ కెల్స్ అనే బొమ్మల సువార్త రాతప్రతి ట్రినిటీ కాలేజీలో ఉంది, దానికి టికెట్టు కొనాలి. న్యూగ్రేంజ్‌కు సందర్శక కేంద్రం నుంచి బస్సులోనే తీసుకెళ్తారు కాబట్టి ముందుగా టికెట్టు తీసుకోండి. అయనాంతం ఉదయం లోపల నిలబడేందుకు లాటరీ తీస్తారు. ఇవన్నీ చూశాక ఒక రోజు మీ కౌంటీకి పోయి, మీరు పేర్లు రాసుకున్న టౌన్‌ల్యాండ్లలో నడవండి.

రాస్‌కామన్‌లో ఆ నడకను బాయిల్ పట్టణంలో ముగించమంటాను. 1878లో అక్కడ పుట్టిన మార్గరెట్ గిలెస్పీ డబ్లిన్‌లో సంగీతం చదివి, జేమ్స్ కజిన్స్‌ను పెళ్ళాడి, 1908లో స్త్రీల ఓటుహక్కు కోసం ఐరిష్ మహిళా సంఘాన్ని స్థాపించినవారిలో ఒకరై, 1915లో భర్తతో కలిసి భారతదేశానికి వచ్చింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసినప్పుడు, ఆయన పాడిన జనగణమన బాణీని స్వరలిపిలో పెట్టింది ఆమే. బాయిల్‌కు ఐరిష్ పేరు మానిష్టిర్ న బూల్యె. మానిష్టిర్ అంటే సన్యాసుల మఠం. 12వ శతాబ్దంలో సిస్టర్షియన్ సన్యాసులు కట్టిన ఆ మఠం గోడలు ఇప్పటికీ ఏటి ఒడ్డున నిలిచి ఉన్నాయి, ఊరి మొదట్లో రోడ్డు పక్కనున్న పలక మీద ఆ పేరు పైన ఐరిష్‌లో, కింద ఇంగ్లిష్‌లో ఉంటుంది. పై వరుస ముందు చదవండి.